గట్టుమీది గీత

వంటింటి గట్టుకు కడప బండ, గ్రానైటు వాడటం మనకు తెలిసినదే. 1967లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞులు కోరియన్ అనే కొత్తరకం పలకను రూపొందించారు. బాక్సైటు నుండి తీసిన తెల్లని పొడిని యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో కలిపి దీనిని తయారుచేస్తారు.

కత్తి తగిలితే ఈ పలకపై గీత పడుతుంది. అయినా పలకను మార్చనక్కరలేదు. రేకు అతికించిన చెక్క గట్టుకు రంగు పైపొరలోనే ఉంటుంది. ఈ పలక మాత్రం పైనుండి అడుగు వరకు ఒకే పదార్థం. అందువల్ల అరగదీసినా లోపల అదే రంగు కనిపిస్తుంది.

గీతను పోగొట్టడమంటే దానిని పూడ్చడం కాదు. చుట్టూ ఉన్న భాగాన్ని గీత లోతు వరకు అరగదీయడం. ముందుగా గట్టును శుభ్రంగా కడగాలి. నీటితో తడిపి, గరుకు కాగితంతో గుండ్రంగా, వెడల్పుగా రుద్దాలి. ఒకేచోట రుద్దితే గుంట పడుతుంది. కాగితం వెనుక అంకె ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. మొదటి కాగితం చేసిన సన్నని గీతలను పెద్ద అంకె గల కాగితం తొలగిస్తుంది. తడిగా రుద్దితే పొడి లేచి ఊపిరితిత్తులలోకి పోదు.

అయితే రుద్దిన ప్రతిసారీ పలక కొంత అరుగుతుంది. దాని మందం సాధారణంగా 12 మిల్లీమీటర్లే. కాబట్టి కూరలు కత్తిపీటతోనో, చెక్కపైనో తరగడమే మేలు.