ముందు వస్త్రం, ఆ తరువాతే మగ్గం

కుట్టుమిషను లాగానే నేతమగ్గం కూడా ఇంట్లో ఒక మూలన ఇమిడిపోగలదు. బల్ల మీద పెట్టుకొని చేతులతోనే నడిపే ఇటువంటి చిన్న మగ్గాన్ని టేబుల్ లూమ్ అంటారు. గుంటమగ్గంలో కాళ్లు చేసే పనిని ఇందులో చేతిమీటలు చేస్తాయి. కనుక కాళ్లలో సత్తువ లేనివారు కూడా దీనిపై నేయగలరు. అయితే డబ్బు చెల్లించే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఎన్ని షాఫ్టుల మగ్గం కావాలి?

పడుగు పోగులను గుంపులుగా పైకెత్తే చట్రమే షాఫ్టు. నాలుగు షాఫ్టులుంటే పోగులను 14 విధాలుగా ఎత్తవచ్చు. ఎనిమిది ఉంటే 254 విధాలుగా ఎత్తవచ్చు. సాదా నేతకు రెండు చాలు. ఏటవాలు గీతల ట్విల్ నేతకు మూడు లేదా నాలుగు కావాలి. నిజమైన శాటిన్ నేతకు మాత్రం కనీసం ఐదు ఉండాలి. నాలుగు షాఫ్టుల మగ్గం ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు.

ఈ భేదం విలువ ఏమిటో మష్రూ వస్త్రం చెబుతుంది. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం పురుషులు పట్టు ధరించడం నిషిద్ధం. మష్రూ అనే అరబీ పదానికి షరీఅత్ సమ్మతించినది అని అర్థం. ఇందులో పడుగు పట్టు, పేక నూలు. శాటిన్ నేత వల్ల పట్టు దాదాపుగా పైముఖాన నిలుస్తుంది. నూలు లోపలివైపు ఉండి శరీరాన్ని తాకుతుంది. పడుగు పట్టయినా పేక మరొకటైతే ధరించవచ్చునని హనఫీ ధర్మవేత్తల అభిప్రాయం. గుజరాత్‌లోని పాటన్ పట్టణంలో ఈ నేత నేటికీ సాగుతున్నది.

ఇటువంటి నేత కోరేవారు ఎనిమిది షాఫ్టుల మగ్గాన్నే ఎంచుకోవడం మేలు. అంగుళానికి 80 పోగుల చొప్పున 20 అంగుళాల వెడల్పుకు 1,600 పోగులు కావాలి. అంటే ఒక్కొక్క షాఫ్టుకు పోగు దూర్చే కంటితీగలు 200 ఉండాలి. మగ్గంతోపాటు అన్ని ఇస్తారా అని ముందే అడగాలి. బిగువైన పడుగును తట్టుకొనేలా చట్రం దృఢంగా ఉండాలి. ముందు, వెనుక దూలాల మధ్య దూరం కూడా చూడాలి. అది మరీ తక్కువైతే నాడె దూరే సందు ఇరుకవుతుంది.

శ్రమను తగ్గించే ఉపాయం ఒకటున్నది. ఎనిమిది షాఫ్టుల శాటిన్‌లో పట్టుముఖాన్ని పైకి ఉంచి నేస్తే ప్రతి పేకకూ ఏడు షాఫ్టులు ఎత్తాలి. అదే ముఖాన్ని కిందికి ఉంచి నేస్తే ఒక్కటి ఎత్తితే సరిపోతుంది.

అయినా ప్రతి పేకకూ నాడెను పక్కన పెట్టి మీటలు మార్చక తప్పదు. కనుక గజాల కొద్దీ నేసి జీవనోపాధి పొందదలచినవారికి కాళ్లతో నడిపే మగ్గమే తగినది. నేర్చుకోవడానికి, నమూనాలకు, వెడల్పు తక్కువైన వస్త్రాలకు టేబుల్ లూమ్ చక్కగా ఉపకరిస్తుంది.

తువ్వాళ్లు, సాదా వస్త్రాలు నేసేవారు ఎనిమిది షాఫ్టులకు వెచ్చించడం దుబారాయే. నిర్ణయానికి రాలేనివారు, తరువాత మరో నాలుగు చేర్చుకొనే వీలున్న నాలుగు షాఫ్టుల మగ్గాన్ని అడిగి తీసుకోవాలి.