ఊపిరి పట్టే కళ్లెం

మణికట్టు మీద వేలు పెట్టి నెమ్మదిగా ఊపిరి తీస్తే, గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగం పుంజుకోవడం, వదిలేటప్పుడు నెమ్మదించడం తెలుస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశారు. ప్రమాదమో హింసో ముగిసిపోయినా ఒళ్లు ఇంకా ఉలిక్కిపడుతూనే ఉండే పీటీఎస్‌డీకి యోగా, ధ్యానం ఎలా సాయపడతాయన్న ప్రశ్నకు ఇంతకంటే అందమైన ప్రవేశద్వారం లేదు.

నాడుల అదుపు లేకపోతే యువకుల గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 70 దగ్గర నిలిపి ఉంచేది ప్రధానంగా వేగస్ నాడి. అదెలాగో 1921లో ఒట్టో లోవి రెండు కప్ప గుండెలతో తేల్చారు. ఒక గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె మునిగి ఉన్న ఉప్పునీటిని తీసి రెండోదానికి పట్టించారు. రెండో గుండె కూడా నెమ్మదించింది! ఆ నీటిలో కలిసింది అసిటైల్‌కోలిన్. గుండెను తాకిన కొద్దిసేపటికే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. అందుకే ఈ వేగస్ కళ్లెం ఊపిరి ఊపిరికీ బిగుస్తూ సడలుతూ ఉండగలదు. అడ్రినలిన్‌కు ఆ చురుకు లేదు.

మెడలోని ధమని గోడల్లో రక్తపోటును పసిగట్టే నాడీ కొసలున్నాయి. పోటు పెరిగితే అవి వేగస్ ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఈ దిద్దుబాటు లయ సుమారు 10 సెకన్లకోసారి తిరుగుతుంది. నిమిషానికి ఆరు ఊపిరులైతే రెండు లయలూ కలుస్తాయి, ఉయ్యాలను అదను చూసి ఊపినట్టు. క్రైస్తవుల జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం రెండూ ఊపిరిని దాదాపు ఆరుకే తెస్తాయని 2001లో లూచియానో బెర్నార్డి బృందం చూపింది.

ఊపిరికీ గుండెకూ ఉన్న ఈ ముడి క్షీరదాల సొత్తని స్టీఫెన్ పోర్జెస్ 1990ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పాలీవేగల్ సిద్ధాంతం చెబుతుంది. చికిత్సాలయాల్లో దానికి ఎంత పేరున్నా, ఆ మాట నిలబడలేదు. ఊపిరితిత్తులున్న దక్షిణ అమెరికా చేపలోనూ అదే ముడి ఉందని 2018లో తేలింది.

ఇక ఫలితాలు. 2014లో బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం, ఇతర చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీలను పరీక్షించింది. పది వారాల తర్వాత యోగా చేసినవారిలో 52 శాతం మందికి ఆ నిర్ధారణ వర్తించలేదు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో ఇది 21 శాతం.

అయితే కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంటే కొందరికి పాత భయమే ఎదురొస్తుంది. వారిని బలవంతంగా కూర్చోబెట్టడం తప్పు. కళ్లు తెరిచి, పాదాల కింది నేలను గమనించినా చాలు. ఊపిరి సాధన వైద్యానికి తోడు మాత్రమే. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.