బుట్టలో బంతి: కింగ్‌స్టన్ నుండి కలకత్తా దాకా
ఒకే ఆట రెండు దేశాలలో అడుగుపెట్టింది. ఒకచోట విశ్వవిద్యాలయాలకు శీతకాలపు పండుగ అయింది. మరొకచోట పెద్ద ఆటల నీడలో ఒదిగి ఉండిపోయింది. ఎందువల్ల?

కలకత్తాలో ఆట అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఫుట్‌బాల్. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ సైనిక దళాన్ని రెండు గోల్స్‌కు ఒకటిగా ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకున్నది. పాదరక్షలు లేకుండా ఆడిన బెంగాలీ యువకులు బూట్లు తొడిగిన దొరలను జయించిన ఆ దినం నుండి ఫుట్‌బాల్ ఆ నగరానికి ఆట మాత్రమే కాదు, ఆత్మగౌరవం కూడ అయింది.

ఆ మహావృక్షం నీడలో ఎన్నో దశాబ్దాలుగా మరొక ఆట సద్దు చేయకుండా బ్రతుకుతున్నది. అది బాస్కెట్ బాల్. 1981లో ఆసియా పురుషుల బాస్కెట్ బాల్ చాంపియన్‌షిప్ పోటీలు జరిగింది కలకత్తాలోనే. నాడు చైనా విజేతగా నిలిచింది. ఆ ఆట పుట్టి అప్పటికి సరిగా తొంభై ఏళ్లు. దానిని సృష్టించినవాడు ఒక కెనడా దేశస్థుడు. అతని స్వదేశంలో ఆ ఆట విశ్వవిద్యాలయాల ఆశ్రయంలో ఎట్లా పెరిగిందో చూస్తే, మన దేశంలో అది ఎందుకు పెరగలేదో కొంత బోధపడుతుంది.

చలికాలం కన్న బిడ్డ

జేమ్స్ నైస్మిత్ 1861లో కెనడాలోని ఆంటేరియో రాష్ట్రంలో జన్మించాడు. తొమ్మిదేళ్ల వయస్సులోనే తలిదండ్రులిద్దరినీ విషజ్వరానికి పోగొట్టుకున్నాడు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడనే వ్యాయామ శిక్షకుడయ్యాడు. మతాచార్యుడు కావలసినవాడు, కాని శరీరాన్ని తీర్చిదిద్దడం కూడ ఒక విధమైన ధర్మబోధయే అని నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చేరాడు.

1891వ సంవత్సరపు శీతకాలం. బయట మంచు. ఆరుబయట ఆడటానికి వీలు లేదు. గదిలో కసరత్తు చేసి చేసి విద్యార్థులు విసిగిపోయారు. పద్ధెనిమిది మంది ఉన్న ఆ తరగతిని అదుపులో పెట్టలేక ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. పాఠశాల పెద్ద లూథర్ గ్యూలిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, పద్నాలుగు రోజులలో కొత్త ఆట ఒకటి కనిపెట్టమన్నాడు.

నైస్మిత్ ఆలోచన తర్కబద్ధమైనది. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఆపాలంటే మీదపడి పడగొట్టాలి. కనుక బంతితో పరుగెత్తడమే నిషేధిస్తే ఆ మొరటుతనం పోతుంది. గోలు నేలమీద నిలబెడితే బలంగా విసరుతారు. దానిని తలలకు పైన అడ్డంగా అమర్చితే బంతిని మెల్లగా, వంపుగా ఎగురవేయవలసి వస్తుంది. బలానికి బదులు గురి ప్రధానమవుతుంది. ఈ ఊహ ఆయనకు చిన్ననాటి ఆట నుండి వచ్చింది. బండమీద పెట్టిన రాయిని దూరం నుండి మరో రాయితో పడగొట్టే ఆట అది. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టం.

పాఠశాల కాపలాదారుని రెండు పెట్టెలు అడిగితే, అవి లేక పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. వాటిని పది అడుగుల ఎత్తున ఉన్న వసారా కమ్మీకి మేకులతో బిగించారు. జట్టుకు తొమ్మిదిమంది, పదమూడు నియమాలు. మొదటి ఆట మొత్తంలో బంతి బుట్టలో పడింది ఒక్కసారి మాత్రమే. నాడు ఆ రెండు జట్లలో ఒకదానికి నాయకత్వం వహించినవాడు డంకన్ పాటన్. అతడూ కెనడా వాడే. ఈ పేరు మనకు మళ్లీ తటస్థపడుతుంది.

తొమ్మిది - ఏడు

1904 ఫిబ్రవరి 6. ఆంటేరియోలోని కింగ్‌స్టన్ నగరంలో, వై.ఎం.సి.ఎ. భవనంలో జనం గుమికూడారు. స్థానిక క్వీన్స్ విశ్వవిద్యాలయం మీద ఆడటానికి మాంట్రియల్ నుండి మెక్‌గిల్ విద్యార్థులు వచ్చారు. కెనడాలో రెండు విశ్వవిద్యాలయాల నడుమ జరిగిన తొలి బాస్కెట్ బాల్ పోటీ అది. నిర్ణీత సమయం ముగిసేసరికి ఇరుపక్షాలకూ ఏడేసి పాయింట్లు. పది నిమిషాలు అదనంగా ఆడించారు. చివరకు మెక్‌గిల్ 9-7తో గెలిచింది.

ఇరు జట్లూ కలిసి సంపాదించినవి పదహారు పాయింట్లు! నేటి ఆటలో అవి కొద్ది నిమిషాలలో వచ్చిపడతాయి. కాని ఆ సాయంకాలం నాటి విశేషం పాయింట్లలో లేదు. ఆ ఆట ఒక్కనాటి వినోదంగా ముగిసిపోలేదు. 1906లో ఆంటేరియో, క్విబెక్ ప్రాంతాల విశ్వవిద్యాలయాలు క్రీడల నిర్వహణకు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. దేశం విశాలమైనది, ఒక తీరం నుండి మరొక తీరానికి వేల మైళ్ల ప్రయాణం. అందుచేత దేశమంతటికీ ఒకే పోటీ పెట్టే తొందర పడకుండా, ప్రతి ప్రాంతంలోను ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు తమలో తాము ఆడుకున్నాయి. 1961లో సంఘం దేశవ్యాప్తంగా పునర్వ్యవస్థీకృతమైంది. జాతీయ స్థాయిలో పురుషుల చాంపియన్‌షిప్ 1963లో మొదలైంది. విండ్సర్ నగరంలోని అసంప్షన్ విశ్వవిద్యాలయం తొలి విజేత.

అంటే కింగ్‌స్టన్‌లో వేసిన విత్తు జాతీయ ఫలం ఇవ్వడానికి 59 ఏళ్లు పట్టింది. ఆ తరువాత పంటకు లోటు లేదు. ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం ఒక్కటే 2003 నుండి 2023 లోపల 17 పర్యాయాలు జాతీయ విజేత అయింది.

కలకత్తాకు దారి

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఈ ఆట భారతదేశానికి వచ్చింది కింగ్‌స్టన్ పోటీకి పదేళ్లు ముందే. మొదటి ఆటలో నాయకుడైన డంకన్ పాటన్ 1894లో దీనిని భారతదేశానికి పరిచయం చేశాడు.

భారతదేశంలో వై.ఎం.సి.ఎ. తొలి శాఖ 1857లో కలకత్తాలో వెలసింది. కలకత్తా విశ్వవిద్యాలయం స్థాపితమైనది కూడ ఆ సంవత్సరంలోనే. క్రమంగా కళాశాలలూ పుస్తకాల అంగళ్లూ కిక్కిరిసిన కాలేజీ స్ట్రీటులో విద్యార్థుల కోసం వై.ఎం.సి.ఎ. శాఖ వెలిసింది. 1908లో జె. హెచ్. గ్రే అనే శిక్షకుడు కలకత్తా వచ్చి, శరీర వ్యాయామాన్ని శాస్త్రీయంగా నేర్పే పనికి శ్రీకారం చుట్టాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ శిక్షణ పాఠశాల నెలకొల్పాడు. మన తెలుగు జిల్లాల బడులలో ‘డ్రిల్లు మాస్టర్లు’గా పనిచేసినవారిలో ఎందరో అక్కడ తర్ఫీదు పొందినవారే. 1934లో న్యూఢిల్లీలో జాతీయ పురుషుల పోటీలు జరిగాయి. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది.

సంస్థ ఉన్నది, విశ్వవిద్యాలయం ఉన్నది, శిక్షకుడున్నాడు. మరి కొరవడినదేమిటి?

మైదానం, నాలుగు గోడలు

మొదటి కారణం వాతావరణం. కెనడా విద్యార్థికి చలికాలమంతా నాలుగు గోడలే గతి. ఆ గోడల మధ్య ఆడటానికే ఈ ఆట పుట్టింది. కలకత్తాలోనో శీతకాలమే ఆరుబయట ఆడటానికి అనువైన కాలం. అప్పుడు క్రికెట్టు, వానలు పడితే బురదలో ఫుట్‌బాల్. కోటను ఆనుకొని విశాలమైన మైదానం పరచుకొని ఉండగా, గదిలో ఆడే ఆట కోసం ఎవరు వెదుకుతారు? మన దేశంలో ఈ ఆట గోడలు విడిచి ఆరుబయట సిమెంటు గచ్చుమీద, మట్టి నేలమీద బ్రతకవలసి వచ్చింది.

అయితే అదొక్కటే కారణమనుకోలేము. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్ బాల్‌కు తొలిసారి స్థానం లభించినప్పుడు, తుది పోటీ ఆరుబయటనే, వానకు తడిసిన మట్టి నేలమీద జరిగింది. బంతి నేలకు కొడితే పైకి లేవలేదు. అమెరికా 19, కెనడా 8. వృద్ధుడైన నైస్మిత్ ఆ క్రీడలకు స్వయంగా హాజరైనారు. గోడలు లేకున్నా ఆట సాగుతుందనడానికి అంతకంటె సాక్ష్యమేమి కావాలి?

ఓడినవానికి రేపు

అసలు కారణం పోటీల అమరికలో ఉన్నది. మన అంతర విశ్వవిద్యాలయ పోటీలు మండలాల వారీగా జరుగుతాయి. ఏడాదికొకసారి జట్టును ఎంపిక చేస్తారు. కుర్రవాళ్లు రైలెక్కి దూరపు ఊరికి వెళతారు. కొద్ది రోజులలో అంతా ముగుస్తుంది. తొలి దశలో ఓడిన జట్టు సాధారణంగా ఒక్క ఆటతోనే ఇంటిముఖం పడుతుంది. మూడేళ్ల డిగ్రీ చదువులో ఒక విద్యార్థి తన విశ్వవిద్యాలయం పక్షాన ఆడే ఆటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

కెనడాలో జరుగుతున్నది వేరు. అక్కడ ప్రాంతీయ లీగులో వారం వారం ఆట ఉంటుంది. ఈ శనివారం ఓడినవాడు తన తప్పు దిద్దుకొని వచ్చేవారం మళ్లీ బరిలోకి దిగుతాడు. ఊరివారికి ఆటగాళ్ల పేర్లు తెలుస్తాయి. పాత విద్యార్థులు తమ జట్టు గెలుపోటములను తరాల తరబడి చెప్పుకుంటారు. ఒక్క గెలుపు ఇవ్వలేని విద్యను అనేక ఓటములు నేర్పుతాయి.

1980 మాస్కో ఒలింపిక్స్‌ను కెనడా సహా అనేక దేశాలు బహిష్కరించినప్పుడు, భారత బాస్కెట్ బాల్ జట్టుకు ఆడే భాగ్యం కలిగింది. ఆడిన పోటీలన్నిటిలోను ఓడింది. ఆ క్రీడాకారులకు పట్టుదల లేకనా? కాదు. గొప్ప జట్లతో తరచు తలపడి ఓడి నేర్చుకొనే అవకాశం వారికి అంతకుముందు దొరకలేదు.

ఇందుకు కోట్ల రూపాయల భవనాలు అవసరం లేదు. ఒక గచ్చు, రెండు ఇనుప వలయాలు, ఒక బంతి చాలు. కలకత్తాలోనైనా, విశాఖపట్నంలోనైనా, వరంగల్లులోనైనా ఒకే ఊరిలో ఉన్న పది కళాశాలలు ఏడాదికొక పోటీతో సరిపెట్టుకోక, మూడు నెలలపాటు వారానికొకసారి పరస్పరం ఆడుకోవచ్చు. దానికి కావలసింది ధనం కంటె ఎక్కువగా ఒక క్యాలెండరు, దానికి కట్టుబడే ఓర్పు.

పండ్ల బుట్టలు ఎక్కడైనా దొరుకుతాయి. కింగ్‌స్టన్‌లో నాడు ఓడిన క్వీన్స్ విద్యార్థులు నేటికీ ఆ ఆటను ఆడుతూనే ఉన్నారు. తరం మారింది, జట్టు మారలేదు. ఆట వేళ్లూనడమంటే అదే.