పాత యంత్రాల బేరం: వరాఛా నేర్పే సంగతులు

సూరత్ నగరపు తూర్పు భాగంలో ఉన్న వరాఛా పేరు వినగానే ఎవరికైనా వజ్రాల సాన పరిశ్రమ గుర్తుకు వస్తుంది. సౌరాష్ట్ర గ్రామాల నుండి వలస వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతాన్ని వజ్రాల కార్ఖానాలకు పుట్టినిల్లుగా తీర్చిదిద్దాయి. అయితే ఆ కార్ఖానాల ప్రక్కనే మరమగ్గాల షెడ్లు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల షెడ్లు కూడా ఉన్నాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలంగాణ పద్మశాలీ కుటుంబాలకు ఈ యంత్రాల చప్పుడు కొత్త కాదు. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇటువంటి చోట యంత్రాలు తరచుగా చేతులు మారుతుంటాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. అమలులోకి వచ్చిన తరువాత సూరత్‌లో సాదా మరమగ్గాలు ఎన్నో తూకం మీద తుక్కు క్రింద అమ్ముడుపోయాయి. ఆర్డర్లు తగ్గిన సంవత్సరంలో ఎంబ్రాయిడరీ యంత్రాలదీ అదే దారి. ఒకప్పుడు ఈ అమ్మకాలు గుజరాతీ దినపత్రికల ‘టచూకడీ జాహెరాత్’, అనగా చిట్టి ప్రకటనల ద్వారానో, దళారీ నోటి మాట ద్వారానో జరిగేవి. ఓ.ఎల్.ఎక్స్. 2006లోను, క్వికర్ 2008లోను ప్రారంభమైన తరువాత ఆ చిట్టి ప్రకటన సెల్‌ఫోన్‌లోకి చేరింది. నేడు సిరిసిల్లలో కూర్చున్న నేత యజమాని వరాఛాలోని యంత్రం ఫోటోను చూసి అప్పటికప్పుడే బేరం మొదలుపెట్టగలడు. సౌకర్యమే, సందేహం లేదు. కాని ఫోటోలో కనిపించనివి రెండు ఉన్నాయి. ఒకటి యంత్రపు ఆరోగ్యం, రెండవది దానిమీద ఉన్న అప్పు. బేరంలో తేలవలసిన అసలు విషయాలు ఈ రెండే.

జాంగడ్ పద్ధతి

వరాఛాలోని మినీ బజారులో వజ్రాల వర్తకులు, దళారులు కాగితపు పొట్లాలు చేతబట్టుకొని బేరాలాడే దృశ్యం ప్రసిద్ధమైనది. అక్కడి వ్యాపారంలో ‘జాంగడ్’ అనే ఏర్పాటు ఉన్నది. సరుకును చూసి, పరీక్షించి, నచ్చితే ఉంచుకోవడానికి, లేకుంటే తిరిగి ఇవ్వడానికి వర్తకుడు చిన్న చిట్టీ మీద సరుకు అప్పగిస్తాడు. అప్పటికి అమ్మకం జరిగినట్లు కాదు. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 24వ సెక్షన్ కూడా ఈ విధమైన ‘ఆమోదం మీద’ ఇచ్చే సరుకును గుర్తించింది. లక్షల విలువ చేసే రాయిని కంటితో చూడకుండా ధర చెప్పే వర్తకుడు ఆ వీధిలో కనబడడు.

విచిత్రమేమంటే, అదే వీధి ప్రక్క షెడ్డులోని యంత్రానికి మాత్రం ఎక్కడో ఉన్న కొనుగోలుదారుడు ఫోన్‌లోనే “ఆఖరి ధర ఎంత భాయ్?” అని అడుగుతాడు. చూడని వస్తువుకు ఆఖరి ధర అంటూ ఉండదు. ఆ ప్రశ్న విన్న అమ్మకందారుడు, ఇతడికి యంత్రం గురించి ఏమీ తెలియదని గ్రహించి తనకు నచ్చిన సంఖ్య ఒకటి చెబుతాడు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసం ప్రకటించారు. సరుకు లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు అన్నింటికీ తక్కువ ధరే చెబుతాడు, అందువలన మంచి సరుకు గలవాడు బజారు నుండి తప్పుకుంటాడు, చివరకు నాసి సరుకే మిగులుతుంది అన్నది దాని సారాంశం. ఆ వ్యాసాన్ని మొదట మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినప్పుడు ఆ కృషినే పేర్కొన్నారు. దీనిని బట్టి, మంచి యంత్రం అమ్మేవాడు కూడా దానిని చూపించి, నడిపించి, లోపాలు చెప్పి అమ్మితేనే అతనికి న్యాయమైన ధర వస్తుందని తెలుస్తున్నది.

కాబట్టి కొనుగోలుదారుడు తన జాంగడ్‌ను తానే ఏర్పాటు చేసుకోవాలి. ఎంబ్రాయిడరీ యంత్రాన్ని వరుసగా కొన్ని గంటలు, వీలైతే ఒక పూర్తి షిఫ్టు, నిజమైన డిజైన్‌తో నడిపించమని కోరాలి. ప్రతి హెడ్డునూ విడిగా గమనించాలి. ఇరవై హెడ్లలో రెండు పనిచేయకపోయినా ఫోటోలో తెలియదు. దారం ఎన్నిసార్లు తెగిందో, పూర్తి వేగంలో అదురు ఎంత ఉన్నదో, కంట్రోల్ పానెల్ ఎన్నిసార్లు ఆగిందో కాగితం మీద వ్రాసుకోవాలి. ఆ యంత్రానికి విడిభాగాలు మన ప్రాంతంలో దొరుకుతాయో లేదో మెకానిక్‌ను అడిగి తెలుసుకోవాలి. స్వయంగా వెళ్ళలేనివారు సూరత్‌లోని బంధువునో, పరిచయమున్న మాస్టరునో పంపవచ్చు. ఆ ఖర్చు వృథా అని వెనుకాడేవారు ఉన్నారు. మా దృష్టిలో మొత్తం కొనుగోలులో అంతకంటె సార్థకమైన ఖర్చు లేదు.

అప్పు ఎవరిది?

ఇక రెండవ విషయం. బ్యాంకు రుణంతో కొన్న యంత్రం సాధారణంగా హైపోథికేషన్ క్రింద ఉంటుంది. యంత్రం రుణగ్రహీత షెడ్డులోనే ఉండి పనిచేస్తుంది, కాని బాకీ తీరే వరకు దానిపై బ్యాంకుకు హక్కు ఉంటుంది. బ్యాంకు అనుమతి లేకుండా అమ్మడం రుణ ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. అటువంటి అమ్మకం క్రిమినల్ కేసుకు కూడా దారితీయవచ్చు. తనకున్న హక్కు కంటె మెరుగైన హక్కును ఎవరూ ఇతరులకు అమ్మలేరు అనేది వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ నిర్దేశించిన సాధారణ నియమం. అంటే సిరిసిల్లకు చేరిన యంత్రం కోసం సూరత్ బ్యాంకు అధికారులు వెదుక్కుంటూ రావచ్చు. పూర్తి ధర చెల్లించిన కొనుగోలుదారుడు యంత్రాన్ని, దానిమీద బ్రతికే కుటుంబాల పనిని పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

వాహనమైతే రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఈ సంగతి నమోదై ఉంటుంది. మగ్గానికి, ఎంబ్రాయిడరీ యంత్రానికి ఆర్.సి. ఉండదు. అందువలన అసలు కొనుగోలు బిల్లు అడగాలి. బిల్లులోని సీరియల్ నంబరును యంత్రం పలకతో సరిపోల్చాలి. బ్యాంకులు తమ పేరును యంత్రంపై వ్రాయించడం వాడుక. ఒకచోట మాత్రమే కొత్త రంగు పూసి ఉంటే కారణం అడగడంలో తప్పులేదు. 2011లో పనిచేయనారంభించిన కేంద్ర రిజిస్ట్రీ ‘సెర్సాయ్’లో నిర్ణీత రుసుము చెల్లించి, ఆస్తిపై నమోదైన రుణహక్కుల గురించి ఎవరైనా వెదకవచ్చు. అమ్మేవారి బ్యాంకు నుండి బాకీ వివరపు లేఖ తెప్పించుకుంటే ఇంకా మంచిది.

బాకీ ఉన్నంత మాత్రాన ఆ యంత్రాన్ని వదులుకోవాలని కాదు. సరిగా చేస్తే అటువంటి బేరమే ఇద్దరికీ లాభిస్తుంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ప్రకటనలో యంత్రం ధర రూ. 6,00,000. మన షెడ్డులో బాగా నడుస్తున్న స్థితిలో అది మనకు రూ. 6,20,000 విలువ చేస్తుందనుకుందాం. మరమ్మతుకు రూ. 45,000, విప్పి లారీకెక్కించి తెచ్చి మళ్ళీ బిగించడానికి రూ. 60,000, ప్రయాణాలకు, పరీక్షకు రూ. 15,000 తీసివేస్తే మనం ఇవ్వగల గరిష్ఠ ధర రూ. 5,00,000. ప్రకటన ధర నుండి ఎంత తగ్గించాలి అని ఆలోచించేవారు ఈ లెక్కకు ఎన్నటికీ చేరలేరు. తమ షెడ్డు నుండి వెనక్కు లెక్కించేవారే చేరతారు.

అటువైపు అమ్మేవారికి బ్యాంకు బాకీ రూ. 3,80,000 ఉన్నదనుకుందాం. తుక్కు ధర దానికి చాలా తక్కువ. వేరే సొమ్ము లేనిదే ఆయన 3,80,000కు దిగువకు రాలేడు, వస్తే అప్పు తీరదు. కనుక బేరం జరగవలసిన మైదానం 3,80,000కు, 5,00,000కు మధ్యనే. 4,60,000 వద్ద కుదిరితే 3,80,000 నేరుగా అమ్మేవారి రుణ ఖాతాకు చెల్లించి, బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రం పొంది, మిగిలిన 80,000 అమ్మేవారికి ఇవ్వాలి. “ముందు డబ్బు ఇవ్వండి, అప్పు నేను తీర్చుకుంటాను” అనే మాటకు అంగీకరించరాదు. బయానా ఇవ్వవలసి వస్తే స్వల్ప మొత్తమే బ్యాంకు ద్వారా ఇచ్చి, పరీక్షలో యంత్రం నిలవకపోయినా, నిరభ్యంతర పత్రం రాకపోయినా తిరిగి ఇచ్చే షరతు వ్రాయించుకోవాలి. కొనుగోలుకు మన బ్యాంకు రుణం కావలసినవారు బేరం ముగియక ముందే శాఖకు రావడం మేలు. పాత యంత్రం విషయంలో చార్టర్డ్ ఇంజనీరు ఇచ్చే విలువ, మిగిలిన ఆయుర్దాయం ధ్రువపత్రాన్ని బ్యాంకులు సాధారణంగా కోరుతాయి. ఆ పత్రం బేరంలో కూడా బలమైన ఆధారమవుతుంది.

అమ్మేవారికి

అమ్మేవారి కష్టం వేరు. ప్రకటన వేసిన గంటలోనే సగం ధర అడిగే సందేశాలు వస్తాయి. యంత్రం చూడనివారికి ధర తగ్గించనవసరం లేదు. “వచ్చి చూడండి, నడిపించి చూపిస్తాను, ధర అప్పుడు మాట్లాడుకుందాం” అన్న జవాబు చాలు. అమ్మకానికి కారణం, తెలిసిన లోపాలు, కొన్న సంవత్సరం ప్రకటనలోనే వ్రాస్తే వచ్చేవారు తగ్గుతారు గాని, వచ్చినవారు నిజమైన కొనుగోలుదారులై ఉంటారు.

బేరమే ఆడకుండా అడిగిన ధరకు ఒప్పుకొని, సరుకు చూడకుండానే డబ్బు పంపుతామనేవారి విషయంలో జాగ్రత్త అవసరం. సైనికుడిననీ, బదిలీ అయిందనీ చెప్పి నమ్మించడం దేశమంతటా వెలుగుచూసిన మోసం. వారు క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు అందుకోవడానికి స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు. 2016లో వచ్చిన యు.పి.ఐ.లో డబ్బు పొందడానికి పిన్ అవసరమే లేదు. పిన్ నొక్కితే సొమ్ము వెళ్ళిపోతుంది. వారు చూపే స్క్రీన్ ఫోటోను కాక, మన ఖాతాలో జమను చూసిన తరువాతనే సరుకు కదలాలి. మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు తెలపాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్మును నిలుపుదల చేయడం కష్టమవుతుంది. ఒక లావాదేవీలో రూ. 2 లక్షలు లేదా అంతకుమించి నగదుగా స్వీకరించడం 2017 ఏప్రిల్ 1 నుండి నిషిద్ధం. అంతే మొత్తం జరిమానాగా పడవచ్చు.

ట్రాక్టరు, మోటారు సైకిలు అమ్మే రైతులు మరొక సంగతి గమనించాలి. బండి అప్పగించి, సొమ్ము తీసుకొని, ఆర్.సి. మార్పించకుండా వదిలివేసేవారు ఇంకా కనిపిస్తున్నారు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదే, మధ్యలో ఎన్ని చేతులు మారినా సరే. బేరంలో గెలుచుకున్న ఐదు వేలు దీని ముందు ఏ మూలకు? అందుచేత బదిలీ ఫారాలు 29, 30, రుణం ఉండి తీరినట్లయితే ఫారం 35 సంతకాలు పూర్తయిన రోజునే మిగిలిన ధర చేతులు మారే విధంగా మాట్లాడుకోవాలి.

పాత వస్తువుల డీలర్లకు పన్ను విషయంలో ఒక వెసులుబాటు ఉన్నది. కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోని పక్షంలో, వస్తువు స్వభావం మారనంత వరకు, కొన్న ధరకు, అమ్మిన ధరకు గల తేడా మీదనే జి.ఎస్.టి. చెల్లించవచ్చు. దీనికి కొనుగోలు ధర వ్రాతలో ఉండాలి. నోటి మాట బేరాలకు ఈ సౌలభ్యం అందదు. యంత్రాన్ని రాష్ట్రం దాటించేటప్పుడు విలువ రూ. 50,000 మించితే ఈ-వే బిల్లు సంగతి కూడా లారీ మాట్లాడక ముందే, ఎవరు తీయాలి అన్నదానితో సహా, తేల్చుకోవాలి.