హైదరాబాద్ సిటీ పోలీస్: దేశాన్ని గెలిచిన ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలోని రోవర్స్ కప్‌ను మరెవరికీ దక్కనివ్వలేదు. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే మూడు పోటీలు: కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, ఢిల్లీలో డ్యూరాండ్, బొంబాయిలో రోవర్స్. 1963 వరకు లెక్క చూస్తే ఈ జట్టు ఖాతాలో తొమ్మిది రోవర్స్ కప్‌లు, నాలుగు డ్యూరాండ్ కప్‌లు ఉన్నాయి. వాటిలో 1962 నాటి రోవర్స్ ఒక్కటి ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులకు వేలాది మంది అభిమానులు, వాళ్ల చందాలు అండగా ఉండేవి. పోలీసు జట్టుకు అండగా ఉన్నవి సర్కారు కొలువు, నెల జీతం, ఒక బడిపంతులు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కంటోన్మెంటు దారిలో వచ్చింది. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లో మకాం ఉన్న ఇంగ్లీషు సైనికులు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు. సైనికుల కాళ్లకు బూట్లుంటే వీళ్లవి ఉత్త కాళ్లు. పాతబస్తీ ముస్లింలు, కంటోన్మెంటు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగువాళ్లు అందరూ ఒకే మైదానంలో కలిసి ఆడేవారు. నిజాం కాలంలోనే నగర పోలీసు శాఖ ఈ ఆటగాళ్లను కొలువుల్లోకి తీసుకోవడం మొదలుపెట్టింది. శివకుమార్ లాల్ వంటి అధికారులు జట్టును సొంత పనిలా చూసుకున్నారు. చదువు అంతంతమాత్రంగా ఉన్న పేదింటి కుర్రాడికి కానిస్టేబులు ఉద్యోగం అంటే ఇల్లు గడిచే దారి. కాలి కింద బంతి ఆడితే ఆ దారి తెరుచుకుంటుందని బస్తీల్లో తెలిసిపోయాక మైదానాలు నిండిపోయాయి. ఈ జట్టు కథలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. ఆట మీద ఇష్టం అన్ని ఊళ్లలోనూ ఉంది, ఆటకు అన్నం పెట్టే ఏర్పాటు మాత్రం ఇక్కడ కుదిరింది.

బడిపంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టుకు ఆడి, తర్వాత నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో శిక్షణ కూడా పొందాడు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో పోలీసు జట్టు శిక్షణ బాధ్యత తీసుకుని చనిపోయేదాకా వదల్లేదు. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్.

సంఘం కార్యదర్శిగా రహీం పెట్టిన పోటీలు చూస్తే ఆయన ఎంత దూరం ఆలోచించాడో అర్థమవుతుంది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోనే తన్నాలన్నది ఒక పోటీ నిబంధన. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి పాస్ ఇవ్వాల్సిందే. ఈ పోటీల్లో పిల్లలు మొదట తడబడ్డా, చేతకాని కాలు నెమ్మదిగా లొంగేది. తల ఎత్తి మైదానమంతా చూడటం అలవాటయ్యేది. బంతిని తన దగ్గరే పెట్టుకుని నలుగురిని తప్పించి మెప్పు పొందాలన్న యావ తగ్గేది. అప్పట్లో దేశంలో చాలా జట్లు ఒక్కరిద్దరి నైపుణ్యం మీద నడుస్తుంటే, పొట్టి పాస్‌లతో పదకొండు మందీ కలిసి కదిలే ఆట హైదరాబాద్ ముద్ర అయింది. సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి లాగి ఆడించడం, ఆ తర్వాత 4-2-4 పద్ధతి మన దేశంలో వేళ్లూనడం కూడా రహీం చలవే. 1950ల్లో హంగరీ జట్టు ప్రపంచానికి చూపించిన ఆటను ఆయన శ్రద్ధగా చదివి, తన పిల్లలకు తగ్గట్టు మలచుకున్నాడు.

యుద్ధం, దేశ విభజన కారణంగా 1940 తర్వాత ఆగిపోయిన డ్యూరాండ్ పోటీలు 1950లో మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి రెండేళ్లు. ఆ ఏడు ఢిల్లీలో ఫైనల్ చేరిన పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి కప్ తీసుకెళ్లింది. కలకత్తా పెద్ద క్లబ్బుల్ని ఓడించగలిగే జట్టు దక్కనులో ఉందని దేశానికి ఆ విజయంతో తెలిసింది. 1954, 1957, 1961లోనూ డ్యూరాండ్ ఈ జట్టుదే. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956, 1957లో వరుసగా గెలిచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పోలీసు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది కానీ మనుషులూ, ఆటా అవే.

జాతీయ జట్టు కూడా రహీం చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలిలో, ఎక్కువ మంది ఉత్త కాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. బూట్లు తప్పనిసరి చేసింది ఆ ఓటమే. ఆ జట్టులో సిటీ పోలీస్ నుంచి వెళ్లిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఉన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇప్పటికీ అంతకు మించి వెళ్లలేదు.

మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లలో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. మొదటి బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత ఒక జత చేయించుకున్నాడు. రహీం రమ్మన్నప్పుడు, అంత దూరం నుంచి మైదానానికి రావడానికి డబ్బు లేదని చెప్పుకున్నాడు. అద్దె సైకిలుకు డబ్బు రహీమే ఇచ్చాడు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

రహీం చివరి పెద్ద విజయం 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. బలరాంతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీంను తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. ఆ ఏడాది పోలీసు జట్టు రోవర్స్ మరోసారి గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. ఆ స్థాయి మళ్లీ రాలేదు.

పతనానికి రహీం లేకపోవడం ఒక్కటే కారణం అనడం సరికాదు. ఆయన ఉండగానే కలకత్తా క్లబ్బులు హైదరాబాద్ ఆటగాళ్లను తీసుకెళ్లడం మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆ తరువాతి తరంలో నయీముద్దీన్, హబీబ్ పేరు తెచ్చుకున్నది కలకత్తాలోనే. నయీముద్దీన్ నాయకత్వంలో, హబీబ్ సభ్యుడిగా భారత జట్టు 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. అంటే హైదరాబాద్‌లో ఆటగాళ్లు పుడుతూనే ఉన్నారు, హైదరాబాద్‌లో మిగలడం లేదు. కానిస్టేబులు జీతం ఒకప్పుడు వాళ్లను నిలబెట్టింది, క్లబ్బులు ఇచ్చే డబ్బు ముందు అది చాలలేదు.

ఇలాంటి కథే అమెరికాలోనూ జరిగింది. అక్కడి ఆట అమెరికన్ ఫుట్‌బాల్, వేరే ఆట. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లజాతి విద్యార్థులకు తలుపులు మూసినప్పుడు, వాళ్ల కోసం వెలసిన కళాశాలలే గొప్ప జట్లను తయారుచేశాయి. లూసియానాలోని గ్రాంబ్లింగ్ స్టేట్ జట్టును ఎడ్డీ రాబిన్సన్ 1941 నుంచి 1997 దాకా నడిపి 408 విజయాలు సాధించాడు. తలుపులు తెరుచుకున్నాక, 1970ల నుంచి ప్రతిభ ఉన్న నల్లజాతి కుర్రాళ్లను పెద్ద విశ్వవిద్యాలయాలు ఎగరేసుకుపోయాయి. అయినా గ్రాంబ్లింగ్ జట్టు ఆగలేదు. కళాశాల కాబట్టి ఏటా కొత్త విద్యార్థులు వస్తారు, పాత విద్యార్థులు అండగా ఉంటారు. రహీంకు దొరికింది పదమూడేళ్లు. ఆయన తర్వాత ఆ పోటీలనూ, ఆ శిక్షణనూ అంతే పట్టుదలతో నడిపే వ్యవస్థ తయారు కాలేదు. ఆ లోటు నగరం ఇప్పటికీ మోస్తోంది.

1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ పేరుతో రాష్ట్రానికి దక్కిన ట్రోఫీ అదొక్కటే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి హైదరాబాదీలు 1970లు, 80లలో దేశానికి ఆడారు గానీ, క్లబ్బు స్థాయిలో కలకత్తా జట్లకు ఆడారు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ. ఆయన 2021లో పోయాడు, బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టులో. రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. 2019లో పెట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి నగరానికి మళ్లీ ఒక పెద్ద కప్ తెచ్చింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది.