పులస కోసం ఎప్పుడు వెళ్ళాలి?

మన దబీర్‌పురాలో హలీం రుచి తెలిసినవాళ్ళు రంజాన్ నెల కోసం ఎదురుచూస్తారు. తిండికి చోటు ఎంత ముఖ్యమో, కాలమూ అంతే. ఊరు దాటితే మాత్రం ఆ సంగతి మరచిపోతాం.

"పుస్తెలమ్మైనా పులస తినా"లన్నారు కదా అని, ఓ మే నెలలో పిల్లలతో గోదావరి తీరానికి వెళ్ళాను. ఓ హోటల్లో పులస అని పెట్టారు, పులస ధరే తీసుకున్నారు. అది సముద్రపు ఇలస అని తర్వాత తెలిసింది!

ఇలస సముద్రపు చేపే. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తుంది. ఆ మంచినీటి ఈత తర్వాతే దాన్ని పులస అంటారు. జూలై నుంచి సెప్టెంబరు దాకానే దాని కాలం.

మరి వేసవిలో వెళితే? తాటిముంజలు తినండి, మామిడికాయ వేసిన చేపల పులుసు అడగండి. ఆత్రేయపురం పూతరేకులు ఎప్పుడైనా దొరుకుతాయి. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద ఆడవాళ్ళు ఆ రేకులు తీయడం చూడవలసిందే.

ఏ ఊరెళ్ళినా బోర్డు చూసి లోపలికి వెళ్ళకండి. బజారులో చేపలు కొనే ఇల్లాలిని పలకరించండి: "అమ్మా, ఈ రోజుల్లో మీ ఇంట్లో ఏం వండుతున్నారు?" ఆమె చెప్పిందే తినండి.