శ్మశానభూమియు గ్రామధర్మమును

మానవుడు జీవించియున్నంతకాలము భూమినుండి గైకొనుచునే యుండును. తిరిగి యిచ్చునది యొక్కసారి మాత్రమే. ఆ యొక్క దానమునైనను సక్రమముగా జేయుచున్నామా యని మనము విచారించుకొనవలసియున్నది.

ఇంగ్లండులోని కార్లైల్ పట్టణమున 1993లో పురపాలకులు తమ శ్మశానవాటికయందొక వనఖననభూమిని నెలకొల్పిరి. అచ్చట శవమునకు రసాయనములు పట్టింపరు. సిమెంటు గోరీ కట్టరు. త్వరలో మట్టిలో గలసిపోవు పెట్టెలోనో వస్త్రములోనో యుంచి పూడ్చి, శిలాఫలకమునకు మారుగా నొక చెట్టును నాటుదురు. ఆ దేశమున నేడిట్టి భూములు రెండువందలకు మించియున్నవి. పాశ్చాత్యులు దీనికి ప్రకృతిఖననమని పేరిడి క్రొత్తమార్గముగా నెంచుచున్నారు.

పాలమూరు సీమ కిది క్రొత్తది గాదు. ఆత్మకూరునకు పడమట, కృష్ణాతీరమందలి ముడుమాలలో మూడువేల యేండ్లనాటి నిలువురాళ్లు నేటికిని నిలిచియున్నవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాయందు వానికి స్థానము లభించినది. ఆ యుగమువారు మృతులను భూగర్భమున నుంచి చుట్టును గుండ్లు పేర్చిన సమాధులు పాలమూరు, నల్లగొండ మెట్టనేలలయం దనేకములు గలవు. మన రైతులు వానిని రాకాసిగుళ్లందురు. నేటికిని వీరశైవులు మృతుని గూర్చుండబెట్టి సమాధి చేయుదురు. ముస్లిములు కుట్టని కఫనువస్త్రమున జుట్టి మట్టికి అప్పగింతురు. దళితులలోను, ఇతర శ్రామికకులములలోను ననేక కుటుంబములకు ఖననమే యాచారము. దహనసంస్కారము గలవారు సైతము పసిబిడ్డలను భూమిలోనే యుంతురు. పెట్టె లేదు, రసాయనము లేదు. పేరొక్కటి తక్కువగాని యిది ప్రకృతిఖననమే.

దహనమును నిందించుట మా యుద్దేశము గాదు. అది శాస్త్రవిహితము, కోట్లమంది విశ్వాసము. కాని యొక్క చితికి నాలుగైదు క్వింటాళ్ల కట్టెలు కావలెను. అడవులు పలుచనైన యీ మెట్టసీమలో నా కట్టెల వెల పేదయింటికి దుఃఖముపై ఋణభారమగుచున్నది. పూర్వులనుండి పూడ్చు నాచారము గలవారు నేల దొరకక చితిని వెదకుకొనవలసివచ్చుట మాత్రము అన్యాయము.

అసలు చిక్కిచ్చటనే యున్నది. ఆచారము మిగిలినది, భూమి మిగులుట లేదు. ఆత్మకూరు 2018లో పురపాలక సంఘమైనది. ఊరు పెరిగినకొలది నేల వెల పెరుగును. వెల పెరిగినకొలది హద్దులు లేని బంజరుపై కన్ను పడును. శ్మశానమునకు పట్టాదారు లేడు. అందు నిద్రించువారు కచేరికి వచ్చి మొఱపెట్టుకొనరు. 2019లో నారంభమైన పల్లెప్రగతి మూలమున గ్రామగ్రామమున వైకుంఠధామములు వెలసినవి. నీరు, నీడ, దహనవేదికలు సమకూడుట మేలే. కాని తిన్నె కట్టుట సులభము, ఆరడుగుల నేల విడుచుట కష్టము. మరియు పెక్కు గ్రామములలో నిప్పటికిని కులమునకొక కాడు గలదు. బ్రతికినన్నాళ్లు వెలివాడ, చచ్చినపిదప వెలికాడు! మానవునికి గల గౌరవము అతని మృతదేహమునకును వర్తించునని 1995లో సుప్రీముకోర్టు పలికినది. ఆ వాక్యమునకు మన యూరిపొలిమేరలో నింకను విలువ గలుగవలసియున్నది.

కర్తవ్యము స్పష్టము. ప్రతి పంచాయతియు, పురపాలక సంఘమును తమ శ్మశానభూములను కొలిపించి హద్దులు నిర్ణయింపవలెను. బావులకు, చెరువులకు దూరముగా, వర్షపునీరు నిలువని చోటు నేర్పరచవలెను. గోతిని మరీ లోతుగా ద్రవ్వినచో గాలియు సూక్ష్మజీవులును సోకక శరీరము త్వరగా మట్టిగాదు. మరీ పైపైన బూడ్చినచో నక్కలు ద్రవ్వును. ఈ రెంటి నడుమ నుండవలెను. పక్కాగోరీలు కట్టుట మాని వేప, కానుగ, చింత నాటినచో కొన్నియేండ్లకు ఆ నేలయే మరల నుపయోగపడును. ఊరి కొక తోపు మిగులును. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ తోపునకు ద్వార మొక్కటియే యుండవలెను. అందు కులము నడుగువాడుండరాదు.

భూమి యెవరిని జీర్ణించుకొనుటలోను భేదము పాటింపదు. ఆపాటి ధర్మము గ్రామపెద్దలకును, పాలకులకును నుండవలదా? ఈ వర్షకాలము రాకమున్నే హద్దురాళ్లు పాతి, మొక్కలకు గోతులు త్రవ్వుదురుగాక!